తోడెవరు?



మన సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఒక తల్లి కంటికి పొర వచ్చింది. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆమె కోసం ప్రార్థించాం. ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదమ్మా అని మొన్న అడిగితే, "తోలుకపోయేటోళ్లు ఎవరున్నరు అయ్యగారూ?" అన్నది. మేము తల దించుకున్నాం. స్వస్థత అడిగాం గాని తోడు సంగతి అడగలేదు.

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏండ్ల రోగి యేసుతో చెప్పుకున్న బాధ ఇదే, నీళ్లలో దించే మనిషి లేడని (యోహాను 5).

2018లో మొదలైన కంటి వెలుగు ఊళ్లకు వచ్చి కళ్లు పరీక్షించింది. 2023 డిసెంబరు నుండి ఆడవారికి ఆర్టీసీ బస్సు ఉచితం. అయినా బీర్కూర్‌లో బస్సెక్కించి, ఆసుపత్రిలో పక్కన కూర్చొని, కంటికట్టుతో ఇల్లు చేర్చే చెయ్యి టికెట్టుతో పాటు రాదు. శుక్లం ఆపరేషన్ అయిన రోజే చాలామందిని ఇంటికి పంపుతారు. చుక్కల మందు మాత్రం వారాలపాటు వేయాలి. కొన్నాళ్లు కంట్లో నీళ్లు పడకూడదు, బరువులెత్తకూడదు.

కాబట్టి ప్రార్థించిన సంఘమే తోడు పంపాలని మా అభిప్రాయం. ఒకరు ఆసుపత్రికి వెళ్లాలి, ఒకరు ఆ రాత్రి ఆమె ఇంట్లో పడుకోవాలి. పొరుగువారు వంతులవారీగా అన్నం, చుక్కలు చూసుకోవాలి. వెళ్లినవారికి ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలి, ఆటో కిరాయి కానుకల నుండి ఇవ్వడం తప్పు కాదు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే మీ పేర్లు చెప్పండి.

బేత్సయిదాలో ప్రభువు గుడ్డివాని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించాడు, చూపు ఆ తర్వాత ఇచ్చాడు. చూపు ఆయనే ఇస్తాడు. చెయ్యి మనం పట్టుకుందాం. ఆమేన్.