పాత ఆంప్లిఫయర్: బాగు చేయించాలా, మార్చేయాలా?

ఇంట్లో స్టీరియో మూగబోతే మగవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరు ఎంతయినా సరే బాగు చేయిస్తానంటారు, ఇంకొకరు కొత్తది కొనేద్దామంటారు. ఎటుపోయినా డబ్బు తీయాల్సింది మన పోపులడబ్బాలోంచే కదా! అందుకని, అసలు పాడయిందేమిటో మనమూ కాస్త తెలుసుకుందాం.

వాల్యూమ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే, చాలావరకు లోపల దుమ్ము పట్టిందన్నమాట. మెకానిక్ క్లీనర్ స్ప్రే కొట్టి నాలుగుసార్లు తిప్పితే పోతుంది. పాట లేకపోయినా గుయ్‌మని మోత వస్తుంటే సాధారణంగా కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. ఏళ్లు గడిస్తే అది మామూలే, మార్పిస్తే సరి. వీటికోసం సెట్టు పారేయడం దండగ.

ఒకవైపు స్పీకరే పలకడం లేదా? స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, సెట్టు వెనకాల కుడి, ఎడమ స్పీకర్ల వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చండి. పోగులు ఒకదానికొకటి తగలకూడదు సుమా! ఇందాకటి మూగ స్పీకర్ ఇప్పుడు పలికి రెండోది ఆగిపోతే, దోషం ఆంప్లిఫయర్‌లోనో, దానికి పాట అందించే వైరులోనో ఉంది. ముందుదే ఇంకా మూగగా ఉంటే ఆంప్లిఫయర్ తప్పేం లేదు, ఆ స్పీకర్నీ దాని వైరునీ చూపించుకోవాలి. మూత మాత్రం మీరు తెరవకండి. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది.

మా మామగారి ఆంప్లిఫయర్ 1992లో కొన్నది. చూపు తగ్గి పేపరు మానేశాక, పొద్దున్నే కీర్తనలు వినడమే ఆయనకి కాలక్షేపం. కిందటేడు ఒక వైపు పోయింది. మొదటి షాపతను "దీనికి కాలం చెల్లిందమ్మా, మూడొందలిస్తా, వదిలేయండి" అన్నాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ నిండా రాగి తీగే. ఆ సంగతి అతనికి తెలియదా ఏమిటి? ఇంకోచోట ఐసీ పోయిందని చూపించి, కూలీతో కలిపి 1,400 అన్నారు. మా స్పీకర్లకి సరిపడే కొత్తదేమో పదివేలు పైమాటే. బాగే చేయించాను. పాత ఐసీల పేరుతో నకిలీవి తిరుగుతుంటాయి కనుక, పోయిన పార్టు చేతికి ఇమ్మని, మూడు నెలల గ్యారంటీ బిల్లు మీద రాయించుకున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, వేసిన ఐసీ మళ్లీ మళ్లీ పోతున్నా, ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినా ఇంక మొహమాటపడకండి, మార్చేయండి. కొనేటప్పుడు అట్టపెట్టె మీది పీఎంపీఓ అంకెలు చూసి మురిసిపోవద్దు. ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్నో అడగండి. మీ స్పీకర్ వెనక 4 ఓములో 8 ఓములో రాసి ఉంటుంది, కొత్తది దానికి పనికొస్తుందో లేదో షాపులోనే తేల్చుకోండి. పిల్లలు ఫోన్ పాటల కోసమే కొత్తది కావాలంటుంటే, చిన్న బ్లూటూత్ రిసీవర్ తెచ్చి పాతదాని ఆక్స్‌కి తగిలిస్తే చాలు.

అన్నట్టు, ఆంప్లిఫయర్ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ పరిచి పైన పూలకుండీ పెట్టారా? వెంటనే తీసేయండి. వేడి పోయే కన్నాలన్నీ ఆ పైనే ఉంటాయి.