శీతకాలపు అతిథులు - మన కళాశాల కర్తవ్యం

చిత్తూరు జిల్లా వాసులకు సముద్రం చిరకాలం పొరుగు జిల్లా వారి సొత్తుగానే ఉండెను. కొండలు, చెరువులు, చింతతోపులు, కరవు కాటకాలు మనవి. ఉప్పునీరు, పడవలు, వలలు నెల్లూరు వారివి. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరిగి, సూళ్లూరుపేట ప్రాంతం నూతన తిరుపతి జిల్లాలో చేరినది. దానితో పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువు, శ్రీహరికోట తీరం మన జిల్లా ఎల్లలలోనికి వచ్చినవి. నిజానికి ఈ బంధుత్వం కొత్తది కాదు. పిచ్చాటూరు వద్ద మనం ఆనకట్ట కట్టి నిలిపిన అరణియార్ నది చివరకు చేరునది పులికాట్ సరస్సునే. మన కొండల మీద కురిసిన వాన ఆ పక్షుల పాదాల క్రింద నిలుచుచున్నది. సొత్తు చేతికి వచ్చినప్పుడు లెక్క వ్రాసుకొనుట గృహస్థు ధర్మం. పులికాట్ పక్షుల విషయంలో ఆ లెక్క వ్రాసే పనిలో మన కళాశాల కూడ పాలు పంచుకొనవలెనని ఈ వ్యాసం ద్వారా మనవి చేయదలచినాను.

భారతదేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిల్కా తరువాత పెద్దది పులికాట్. బంగాళాఖాతానికి, దానికి నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడ వలె నిలిచి ఉన్నది. ఈశాన్య ఋతుపవనాల వర్షాలతో సరస్సు నిండిన పిమ్మట, అక్టోబరు మొదలు మార్చి వరకు పక్షులు వచ్చి చేరును. మధ్య ఆసియా నుండి, సైబీరియా నుండి హిమాలయాలను దాటి వచ్చే బాతులు, ఉల్లంకులు కొన్ని; కచ్ రణ్‌లో గూళ్లు కట్టే రాజహంసలు కొన్ని. సమీపంలోని నేలపట్టు చెరువులో నీట మునిగి నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు పిల్లలను పెంచును. సుమారు 459 హెక్టార్ల ఈ ప్రదేశాన్ని ప్రభుత్వం 1976లో పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించినది. అంతకు ఎంతో ముందు నుండి ఆ గ్రామస్థులు వాటిని కాపాడుచునే ఉండిరి. పక్షుల రెట్ట కలసిన చెరువు నీరు పొలానికి ఎరువని వారికి తెలియును. మన రాయలసీమలోనే వీరాపురం గ్రామంలో ఎర్రకాళ్ల కొంగలు ఇండ్ల నడుమ చెట్ల మీద నిర్భయంగా గూళ్లు కట్టుకొనుట ఇట్టి స్నేహానికే మరొక నిదర్శనం.

2001లో ప్రారంభమైన ఫ్లెమింగో పండుగ మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో తిరిగి జరిగినది. పండుగలు జరుగుట సంతోషమే. కాని పండుగలో జనం చూచునది గులాబి రంగు గుంపునే గాని పక్షిని కాదు. బస్సు దిగి, ఫోటో తీసుకొని, పులిహోర తిని తిరిగి వచ్చినవానికి ఆ నీటిలో రెండు జాతుల రాజహంసలు ఉండవచ్చునని తెలియదు. పెద్ద రాజహంస నాలుగైదు అడుగుల పొడవుండును. దాని ముక్కు లేత గులాబి రంగు, కొన మాత్రం నలుపు. చిన్న రాజహంస మూడడుగులకు కొంచెం లోపే. ముక్కు ముదురు ఎరుపు, దూరానికి దాదాపు నల్లగా తోచును. ఆ గుంపులోనే బూడిద రంగులో కనిపించేవి మూడవ జాతి కాదు; అవి ఇంకను రంగు రాని పిల్లలు. తినే ఆహారంలోని వర్ణద్రవ్యాల వలననే వాటికి క్రమంగా ఆ గులాబి రంగు ప్రాప్తించును. కావ్యాలలో పాలను, నీటిని వేరు చేసే హంస వేరు, ఇది వేరు. అయినను తలక్రిందుగా ముక్కు ముంచి బురదనీటిని వడగట్టి ఆహారాన్ని మాత్రమే గ్రహించే ఈ పక్షిని చూచినప్పుడు ఆ కవిసమయం గుర్తుకు రాక మానదు. పక్షిని గుర్తించుట కూడ అట్టి వడపోతయే.

ఈ వడపోత ఎంత కష్టమో మన సాహిత్యానికి తెలియనిది కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరు కాలువల ఒడ్డున రెక్కలలో తలలు దాచుకొని నిద్రించే బాతులను వర్ణించినాడు. స్నానానికి వచ్చిన విప్రులు పిండి మరచిపోయిన బట్టలని కావలివారు భ్రమించి వాటిని తీయబోగా అవి ఎగిరిపోవును. పైరు కాచే పడుచులు చూచి నవ్వుదురు. ఐదు వందల ఏండ్ల నాటి ఆ నవ్వులో ఒక పాఠం ఉన్నది. చూచినది వేరు, చూచినామని అనుకొన్నది వేరు.

అరుదైన పక్షి కనబడినదని చెప్పుట విద్యార్థులకు సహజంగా ఉత్సాహకరమైన విషయం. ఉదాహరణకు ఉర్దూలో 'సుర్ఖాబ్ కా పర్' అను నానుడి ఉన్నది. ఎవనిలోనైన ప్రత్యేకత ఏమున్నదని ఎత్తిపొడుచునప్పుడు, నీకేమైన సుర్ఖాబ్ ఈక మొలచినదా అని అడుగుదురు. ఆ సుర్ఖాబే మన కావ్యాలలోని చక్రవాకం. రాత్రి వేళ ప్రియురాలిని ఎడబాసి విలపించునని కవులు చెప్పిన పక్షి అదియే. రెండు భాషలకు ఇంత ఆత్మీయమైన ఆ పక్షి ఉత్తరాదిన శీతకాలంలో సుపరిచితమే గాని దక్షిణాది కొసకు వచ్చుట తక్కువ. మన చెరువులలో గోధుమ ఎరుపు రంగు బాతు కనిపించగానే చక్రవాకమని కేక వేసినచో పది పర్యాయాలలో తొమ్మిది పర్యాయాలు అది ఈలవేసే చిన్న బాతే అయి ఉండును. తేడా ఎక్కడ? చక్రవాకం దాదాపు రెండడుగుల పెద్ద పక్షి. తల దేహం కంటె లేత రంగు. ఎగిరినప్పుడు రెక్కల ముందు భాగాన తెల్లని పట్టె కొట్టవచ్చినట్లు కనబడును. ఈలబాతు అడుగున్నర లోపే; రెక్కలలో తెలుపు లేదు; ఎగురుచు సన్నని ఈల వేయును. ఈ మూడు నాలుగు గుర్తులను అక్కడికక్కడే కాగితం మీద పెట్టినవాని మాటకు విలువ ఉండును. ఊరికే చూచితినన్నవాని మాటకు విలువ లేదు.

కనుక నేను కోరే నియమాలు స్వల్పం. పుస్తకం గాని సెల్‌ఫోన్ గాని తెరువక ముందే చూచినది చూచినట్లు వ్రాయవలెను. పరిమాణం, ముక్కు, కాళ్లు, రెక్క, కూత, నీటిలో అది చేయుచున్న పని, చూచిన వేళ, ఎండ ఏ దిక్కున ఉన్నది - ఇవి ముందు, పేరు తరువాత. నేటి ఫోన్లు ఛాయాచిత్రం చూచి క్షణంలో పేరు చెప్పుచున్నవి. అవి మంచి సహాయకులే గాని సాక్షులు కావు. ఇద్దరు చూడని అరుదైన పక్షిని 'నిర్ధారణ కాలేదు' అని వ్రాయవలెను. 'గుర్తు తెలియనిది' అని వ్రాయుట అవమానం కాదు. తెలియని దానికి తెలిసినట్లు పేరు పెట్టుటయే అవమానం. ఒక్క తప్పుడు నమోదు పది మంచి నమోదుల మీద అనుమానం రేపును.

ఇది సంపన్నుల వినోదమనియు, ఉద్యోగం కోసం చదివే మన పిల్లలకు దీనితో పని ఏమనియు కొందరు పెద్దలు అడుగవచ్చును. వారికి డాక్టర్ సలీం అలీ జీవితమే సమాధానం. 1896లో బొంబాయిలో జన్మించి, బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ ముస్లిం బాలుడు, తాను పడగొట్టిన పిచ్చుక గొంతు మీది పసుపు మచ్చ ఏమిటని అడుగుటతో పక్షి శాస్త్రంలో ప్రవేశించినాడు. విశ్వవిద్యాలయ పట్టా లేనందున ఆయనకు జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో కొలువు దక్కలేదు. అయినను 1931-32లో నిజాం రాజ్యంలోని పక్షులను సర్వే చేసినాడు; 1941లో భారతీయ పక్షులపై వ్రాసిన గ్రంథం ఇంటింటి పుస్తకమైనది; 1976లో పద్మవిభూషణ్ లభించినది. పట్టా ఇవ్వలేనిది నోటు పుస్తకం ఇచ్చినది. పక్షులను చూచినవారందరు సలీం అలీలు కారు, నిజమే. కాని చూచినదే చెప్పుట, సందేహాన్ని దాచకుండుట అను అలవాట్లు ప్రయోగశాలలోను, న్యాయస్థానంలోను, పత్రికా కార్యాలయంలోను కూడ అక్కరకు వచ్చునవే.

రెండవ ఆక్షేపణ భాషను గురించినది. పక్షుల పేర్లన్నియు ఆంగ్లంలోనే ఉన్నవి, మన మాధ్యమాల విద్యార్థులకు అందవని అందురు. నెల్లూరులో వైద్యుడుగా పని చేసిన టి. సి. జెర్డన్ 1862-64లో ప్రచురించిన తన గ్రంథంలో పక్షులకు తెలుగు పేర్లను కూడ ఇచ్చినాడు. ఆ పేర్లు ఆయన సృష్టించినవి కావు. మన పల్లె ప్రజలు చెప్పినవి. ఆయన పేరనే ప్రసిద్ధమైన పక్షి ఒకటి 1900 తరువాత ఎవరికీ కానరాక, నశించినదని శాస్త్రజ్ఞులు తలచియుండగా, 1986 జనవరిలో కడప జిల్లాలో తిరిగి దొరికినది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దానిని గుర్తించుటకు తోడ్పడినది ఆ ప్రాంతపు వేటగాండ్ర ఎరుకయే. శాస్త్రం మరచిన పక్షికి మన వారి నోట కలివికోడి అను పేరు సజీవంగా ఉన్నది. పులికాట్ జాలరులకు, యానాదులకు ఇట్టి పేర్లు ఇంకెన్ని తెలియునో! వారి వద్ద కూర్చుండి అడిగి తెలుగులోను, ఉర్దూలోను, శాస్త్రీయ నామంతోను మూడు వరుసల పట్టిక తయారు చేయుట మన కళాశాల కంటె తగినవారు ఎవరున్నారు?

ఆ జాలరుల మాట వచ్చినది గనుక ఒక సంగతి మరువరాదు. సరస్సును సముద్రంతో కలిపే ముఖద్వారాలు ఇసుకతో పూడుకొనిపోవుట వారి జీవనాధారాన్ని దెబ్బ తీయుచున్నది. నీటి లోతు, ఉప్పదనం మారినచో చేపలు మారును. చేపలు మారినచో పక్షులు మారును. పక్షిని, మనిషిని ప్రత్యర్థులుగా చూచుట పొరపాటు. ఉభయుల కష్టానికి మూలం ఒకటే. ఏటేటా ఒకే స్థలంలో, ఒకే మాసంలో, ఒకే పద్ధతిలో లెక్కించిన అంకెలు ఉన్నప్పుడే ఆ మార్పును అధికారుల ముందు నిరూపించగలము. 1987 నుండి ప్రతి జనవరిలో మన దేశంలో జరుగుచున్న ఆసియా నీటిపక్షుల గణనలో స్వచ్ఛంద సేవకులు ఎవరైనను పాల్గొనవచ్చును.

కావున కళాశాల కమిటీ వారికి నా విన్నపం ఇది. ఏటా జరిపే విహారయాత్రలలో ఒకదానిని జనవరి మాసంలో సూళ్లూరుపేటకు నిర్ణయించవలెను. ఒక క్రికెట్ కిట్టుకు వెచ్చించే సొమ్ములో రెండు దుర్భిణులను కొనవలెను. గ్రంథాలయంలో ఒక పక్షి దినచర్య పుస్తకాన్ని శాశ్వతంగా ఉంచవలెను. విద్యార్థినులకు కూడ తగిన రక్షణతో సమాన అవకాశం కల్పించి, వారి తల్లిదండ్రుల అనుమతిని అధ్యాపకులే స్వయంగా కోరవలెను. విద్యార్థి సోదర సోదరీమణులారా! మీరు చేయవలసినది ఇంకను సులభం. ముందు మీ ఇంటి వద్ద చెరువులోని కొంగలను నేర్చుకొనుడు. సాధారణమైన దానిని బాగుగా ఎరిగినవానికే అసాధారణమైనది కంటబడును. హజ్రత్ సులేమాన్‌కు సబా దేశపు వార్త తెచ్చిన హుద్‌హుద్ పిట్ట మన పొలాల గట్ల మీద నేటికిని తిరుగుచున్నది. దాని పేరు చెప్పగలవారు మన తరగతులలో ఎందరు? ఈ ప్రశ్నకు వచ్చే సంచిక నాటికి మనం గౌరవప్రదమైన అంకెతో సమాధానం చెప్పగలగవలెను.