మేకలిచ్చే ముందు మేత చూపించండి



సికింద్రాబాద్‌లో ఉంటున్న మన సంఘస్థులు ఈ క్రిస్మస్‌కు ఊళ్లోని పేద కుటుంబాలకు తలా రెండు మేకలు కొనివ్వాలని చందాలు వేస్తున్నట్టు గ్రూపులో చూశాను. మీ ప్రేమను బట్టి దేవునికి స్తోత్రం. కానీ నేను దీనికి ఒప్పుకోను. ఆ మాట చాటుగా అనడం కంటే ఇక్కడే రాయడం మంచిది.

ఆ మేకలు ఎక్కడ మేస్తాయి? గ్రూపులో ఒక్కరూ అడగలేదు. ఫొటోలు దిగి మీరు బస్సెక్కాక, ఆ విధవరాలు తాడు పట్టుకుని ఎటు పోవాలి?

ఇలాంటిది ఒకసారి చూశాం. 2017 జూన్ 20న కొండపాకలో, మీరు జూబ్లీ బస్టాండ్ నుంచి వచ్చే రాజీవ్ రహదారి మీదే, ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. గొల్ల కురుమ కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ. 2012 పశుగణనలో రాష్ట్రంలో 128 లక్షలున్న గొర్రెలు 2019కి 190 లక్షలయ్యాయి. దేశంలోనే మొదటి స్థానం. మరి ఆ ఏడేళ్లలో మేత భూమి పెరిగిన ఊరు ఒక్కటి చూపించండి. ఇచ్చిన గొర్రెలే మళ్లీ అమ్ముడవుతున్నాయని పత్రికలు రాస్తే జనం కాపరినే తిట్టారు. దళారుల మోసం వేరే సంగతి. గడ్డి లేనివాడు జీవాన్ని అమ్ముకోక ఏం చేస్తాడు? అబ్రాహాము, లోతు అంతటివాళ్లే మందలు ఎక్కువై భూమి చాలక విడిపోయారు (ఆదికాండము 13).

ఒకప్పుడు ప్రతి ఊరికీ కంచె ఉండేది, గైరాన్ ఉండేది. ఎండాకాలం చెరువు తగ్గితే శికంలో గడ్డి దొరికేది. కంచె గచ్చిబౌలి పేరులో ఉన్న కంచె ఆ మేత బీడే. మీ సికింద్రాబాద్‌లో డైరీ ఫామ్ రోడ్డు ఉంది కదా. సైన్యానికి పాలిచ్చిన మిలిటరీ ఫామ్‌లను దేశమంతటా 2021లో మూసేశారు. ఇక్కడ పేరు రోడ్డుకు మిగిలింది, ఇప్పుడు ప్యారడైజ్ నుంచి అక్కడిదాకా ఎలివేటెడ్ కారిడార్ వస్తోంది. రహదారి పొడవునా వెంచర్ల జెండాలు. కొన్నిటికి పచ్చిక బయలు అని అర్థమొచ్చే ఇంగ్లీషు పేరు కూడా పెడతారు! అలాంటి ప్లాటు కొని, దాని కోసం ప్రార్థన చేయమని నా దగ్గరికి వచ్చినవాళ్లు మీలో ఉన్నారు. నేనూ చేశాను. అందుకే ఈ మాటలు నాకూ తగులుతాయి.

సంఖ్యాకాండము 35 తీసి చదవండి. లేవీయులకిచ్చిన 48 పట్టణాలకు చుట్టూ పశువుల కోసం భూమి వదలాలని దేవుడు చెప్పాడు. ఒక్కో వైపు 2000 మూరలు, కొలిచి మరీ. లేవీయకాండము 25లో ఆ భూమిని అమ్మకూడదన్నాడు. లేవీయుడు తన ఇల్లు అమ్ముకోవచ్చు, మేత భూమిని మాత్రం కాదు. మనం 23వ కీర్తన పాడుకుంటూ పచ్చికను గజాల్లెక్కన రిజిస్ట్రేషన్ చేయించుకుంటున్నాం.

మేకలను కట్టేసి మేపొచ్చు, సైలేజ్ కొనొచ్చు అంటారు. బోరు ఉన్నవాడికి, పెట్టుబడి ఉన్నవాడికి అది సరే. కూలికి పోయే మనిషికి కాదు.

మన పెద్దల పద్ధతి వేరు. పంట కోశాక చేలో మంద పెట్టించేవాళ్లు. పగలు జీవాలు కొయ్యకాళ్లు, కలుపు మేసేవి. రాత్రి అక్కడే పడుకుంటే పెంట, మూత్రం నేలకే చేరేవి. రైతు కాపరికి వడ్లో, డబ్బులో ఇచ్చేవాడు. మరుసటి పంటకు యూరియా బస్తా తగ్గేది. బీడులోనూ ఒక పక్క మేపి ఇంకో పక్క వదిలేవాళ్లు. కొరికిన గడ్డి మళ్లీ ఆకు వేసి, వేరు బలం తెచ్చుకునేదాకా ఆగాలి. ఆగకుండా మళ్లీ మళ్లీ మేపితే వేరు చస్తుంది, ముళ్లకంప మిగులుతుంది. మేకలు భూమిని పాడు చేస్తాయని మేకను నిందించేవాళ్లు ఈ సంగతి గమనించాలి. యెహెజ్కేలు 34లో దేవుడు గద్దించింది ఆకలిగా మేసిన గొర్రెను కాదు. తాను తిన్నాక మిగిలిన మేతను కాళ్లతో తొక్కిన బలిసినదాన్ని.

ఇప్పుడు అసలు విషయం. ఊళ్లో మీ పేర్ల మీద భూములు పడావు పడి ఉన్నాయి. చుట్టూ కడీలు, ముళ్ల తీగ, గేటుకు తాళం. రేటు పెరిగేదాకా అవి ఎవరికీ అక్కర్లేదు. మేకల చందా పక్కన పెట్టండి. వానాకాలం గడ్డిని ఎదగనిచ్చి, గింజ రాలాక పేద కుటుంబాల జీవాలను, కాపరుల మందలను వంతుల వారీగా లోపలికి రానివ్వండి. ఎవరి వంతు ఎప్పుడో కాపరులే కూర్చుని తేల్చుకుంటారు, వాళ్లకు నేర్పించాల్సిన పని లేదు. భూమి పోతుందని భయముంటే కాగితం రాసుకుందాం, సంఘ పెద్దలు సాక్షి సంతకం పెడతారు. రెండో ఏడు గడ్డి నిలబడితే అప్పుడు మేకలు కొందాం, మొదటి చందా నేనే వేస్తాను.

క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు కేకుతో పాటు ఆ తాళంచెవి తెచ్చుకోండి.