పెరటి తోట: గరిక ఎండింది, తుంగ మిగిలింది

మంగంపేట నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు: "రెండేళ్లు కష్టపడి వాకిట్లో గరిక పచ్చిక పెంచాను. వానలకు అందులో పరాయి గడ్డి లేచింది. మావారు వేరుశనగ చేనుకు కొట్టే గడ్డిమందు తెచ్చి చల్లారు. పది రోజుల్లో గరిక పసుపెక్కింది, తుంగ మాత్రం నిక్షేపంగా ఉంది. వచ్చే నెలలో మా అమ్మాయి నిశ్చితార్థం ఆ పచ్చిక మీదే చేయాలనుకున్నాం. మందు కల్తీదంటారా?"

కల్తీది కాదమ్మా. తన పని తాను చేసింది, అంతే. వేరుశనగలో వాడే క్విజలోఫాప్ వంటి మందులు గడ్డిజాతిలో కొవ్వు తయారుచేసే ఒక ఎంజైమును కట్టివేస్తాయి. వెడల్పాకు మొక్కల్లో ఆ ఎంజైము రూపు వేరు గనుక వేరుశనగ బతుకుతుంది. గరిక కూడా గడ్డే గదా! చేలో కలుపు, వినాయకచవితికి పూజాద్రవ్యం, మీ వాకిట్లో తివాచీ. ఈ తేడాలు మనకు తెలుసు, మందుకేం తెలుసు?

ఇక తుంగ. చూపుకు గడ్డేగాని గడ్డి కాదు. కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. అందుకే ఆ మందుకు చావలేదు. పీకితే కాడ చేతికొస్తుంది, లోపలి గడ్డ మళ్లీ మొలుస్తుంది. దీనికి హాలోసల్ఫ్యూరాన్ అనే మందు ఉంది. మన దేశంలో చెరకు, మొక్కజొన్న చేలలో తుంగకు వాడతారు. అమెరికాలో గరిక పచ్చికల్లోనూ వాడతారు. గరిక ఆ మందును తనలోనే విరిచేసుకుంటుంది, తుంగకు ఆ శక్తి లేదు. గుణం కనపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాని గరిక కోలుకునేదాకా ఆగండి. మోతాదు ఊహించి కలపవద్దు. మీకు దగ్గరే గదా అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన స్థానం, ఒక తుంగ మొక్క గడ్డతో సహా తీసుకెళ్లి అడగండి.

ఏటా విత్తనంతో మొలిచే గడ్డి సంగతి వేరు. కంకి వేయకముందే పీకేయండి. వచ్చే ఏడు తొలివానలకు ముందు పెండిమిథాలిన్ వాడవచ్చునేమో అక్కడే అడగండి. అది మొలకల వేళ్లను ఆపుతుంది, పాతుకున్న గరిక తట్టుకుంటుంది. ఈ ఏడు మాత్రం వద్దు. కొత్తగా పాకే గరిక కణుపుల వేళ్లు కూడా ఆగిపోతాయి.

అంగడివారు 2,4-డి ఇస్తామన్నా తీసుకోకండి. అది వెడల్పాకు కలుపు మందు, గడ్డికి పనిచేయదు. గాలికి ఆ తుంపర పక్కింటి బొప్పాయి మీద పడిందంటే చెట్టూ పోతుంది, ఇరుగుపొరుగు స్నేహమూ పోతుంది.

నిశ్చితార్థం మాటకొస్తే, ఎండిన గరికను కాస్త తవ్వి చూడండి. భూమిలోని కాడ తెల్లగా, గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. కోయకుండా నీళ్లు పెట్టండి. ఖాళీ చోట్ల మంచి గరిక కణుపులు నాటండి. నెలలో మొత్తం కమ్ముకుంటుందని మాట ఇవ్వలేను. మిగిలిన బోడి నేలను చక్కగా అలికి ముగ్గు పెట్టండి. ముగ్గురాయికి పేరుపడ్డ ఊళ్లో ముగ్గుకు కొదవా!