రాయి పొదిగే చేతికి పేరెప్పుడు?

రంజాన్ చివరి పది రాత్రుల్లో హైదరాబాదు లాడ్ బజార్‌లో కాలు మోపడానికి చోటుండదు. చార్మినార్ నుంచి పడమరగా సాగే ఆ వీధిలో ఇరువైపులా దీపాల వెలుగులో రాళ్లు పొదిగిన లక్క గాజులు తళుకులీనుతుంటాయి. పెళ్లికూతురి తల్లి, పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చిన కుటుంబం, అందరూ అక్కడే. దుకాణదారు ఒక జత తీసి ముందుంచి "ఇది హాత్ కా కామ్, ఆపా, మెషిన్‌ది కాదు" అంటాడు. ఆ మాట నిజమే. అయితే ఆ చేయి ఎవరిదని అడిగిన కొనుగోలుదారు మాకింతవరకు తారసపడలేదు. అడిగినా ఆయన చెప్పగలడా అన్నది సందేహమే, ఎందుకంటే సరుకు ఆయన వద్దకు చేరేలోపు ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులు మారి ఉంటారు.

ఆ చేయి తరచుగా పాతబస్తీలోని ఒక్క గది ఇంట్లో ఉంటుంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు స్రవించే లక్క ఇక్కడికి వచ్చి, బొగ్గుల కుంపటిపై కరిగి, రంగు కలుపుకొని, కడ్డీలా సాగి, గుండ్రంగా చుట్టుకొని గాజవుతుంది. ఆ తర్వాతది రాళ్లు పొదిగే పని. గాజు పైభాగం వేడికి మెత్తబడిన ఆ కొద్ది క్షణాల్లోనే ఆవగింజంత రాయిని తీసి దాని చోట అద్దాలి. వేడి చాలకపోతే రాయి అంటదు. వేడి మించితే మెత్తని లక్కలో రాయి కూరుకుపోతుంది. వరుస వంకరపోతే సరుకు తిరిగి వస్తుంది, కూలి రాదు. ఒక్క గాజుపై ఇలాంటి రాళ్లు పదుల సంఖ్యలో ఉంటాయి. మే నెలలో గాలి ఆడని గదిలో కుంపటి పక్కన కూర్చొని ఈ పని చేసే మన అక్కచెల్లెళ్లకు కళ్లు మసకబారడం, వేలికొసలు మొద్దుబారడం కొత్త విషయాలు కావు. తమను కార్మికులని వారే అనుకోరు. "ఇంట్లో ఖాళీగా కూర్చోకుండా ఏదో చేస్తున్నాం" అంటారు. ఆ మాటే వారి కూలిని నిర్ణయిస్తున్నది.

ఇది ఒక్క వీధికి, ఒక్క వృత్తికి పరిమితమైన సంగతి కాదు. పనిచేసే ముస్లిం మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఇంటి నాలుగు గోడల మధ్యనే పని చేస్తున్నారని, మొత్తం మహిళా కార్మికుల్లో ఆ నిష్పత్తి 51 శాతమేనని జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. ఇంటి వద్ద పనిచేసేవారికి ఇతర కార్మికులతో సమాన గుర్తింపు ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని నేటికీ ధ్రువీకరించలేదు. సచార్ నివేదికను రిజర్వేషన్ల చర్చలో వందసార్లు ఉటంకించిన మనం, మన సంఘాలు, మా పత్రికతో సహా, ఈ అంకెను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. పాతబస్తీలో మిఠాయిలు పంచుకున్నారు. సంతోషించవలసిన విషయమే, కాదనము. కానీ ఈ గుర్తింపు ఎవరికి పనికొస్తుందో చట్టం చదివితే తప్ప బోధపడదు. 1999 నాటి చట్టం ప్రకారం గుర్తింపు ఒక సంఘం పేరిట నమోదవుతుంది. ఆ పేరును తమ సరుకుపై వాడుకోదలచిన ప్రతి ఉత్పత్తిదారు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఇక్కడొక మెలిక ఉంది. హస్తకళల విషయంలో "ఉత్పత్తిదారు" అంటే వస్తువును తయారుచేసేవారు మాత్రమే కాదు, దాని వ్యాపారం చేసేవారు కూడా అని ఆ చట్టమే నిర్వచించింది. అంటే జీవితంలో ఒక్క రాయి కూడా పొదగని టోకు వ్యాపారి సైతం ఆ జాబితాలో చేరవచ్చు. చేరడం తప్పు కాదు, అది అతని హక్కు. కానీ చదువు, తీరిక, తెలిసిన వకీలు ఉన్నవారు ముందు చేరి, కుంపటి దగ్గర కూర్చున్న స్త్రీ అసలు చేరకపోతే, రేపు గుర్తింపు ముద్ర వల్ల ధర పెరిగినా ఆ పెంపు దుకాణం గడప దాటి లోపలి గల్లీకి రాదు. ఈ నమోదు రుసుమును 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయల రుసుము ఎవరికీ అడ్డంకి కాదు. దరఖాస్తు అన్నది ఒకటుందని చెప్పేవారు లేకపోవడమే అడ్డంకి.

ప్రభుత్వాల సంగతి కూడా చెప్పుకోవాలి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం ఆర్భాటంగా ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. స్వర్ణకారుడున్నాడు, కుమ్మరి ఉన్నాడు, బొమ్మలు చేసేవారు, పూలమాలలు కట్టేవారు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు. గాజులు చేసేవారు లేరు. పరికరాలకు 15,000 రూపాయలు, శిక్షణ రోజులకు భత్యం, తొలి విడతగా లక్ష రూపాయల రుణం, ఇవన్నీ బంగారంలో రాయి పొదిగే చేతికి అందుతాయి, లక్కలో రాయి పొదిగే చేతికి అందవు. నిప్పుతో, చేత్తో, తరాలుగా నేర్చిన నైపుణ్యంతో చేసే ఈ పని సంప్రదాయ వృత్తి కాకుండా ఎలా పోయిందో సంబంధిత మంత్రిత్వశాఖ వివరించాలి. ఫిరోజాబాద్ గాజు కార్మికులనూ, జైపూర్ లక్క పనివారినీ కలుపుకొని ఈ డిమాండును ముందుకు తేవలసిన బాధ్యత మన పార్లమెంటు సభ్యులది.

జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థకు చేతివృత్తులవారి కోసం "విరాసత్" అనే రుణ పథకం ఉంది. దాని కింద గరిష్ఠంగా 10 లక్షల వరకు ఇస్తారు, స్త్రీలకు వడ్డీ పురుషుల కన్నా ఒక శాతం తక్కువ. ఇక్కడ మన ఇళ్లలో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచడంలో అర్థం లేదు. వడ్డీ ఉన్నదన్న కారణంతో చాలా కుటుంబాలు ఈ రుణాలకు దూరంగా ఉంటాయి. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాము. అయితే అదే కుటుంబం టోకు వ్యాపారి వద్ద అడ్వాన్సు తీసుకుంటుంది. ఆ అడ్వాన్సు తీరేవరకు సరుకు అతనికే ఇవ్వాలి, అతను చెప్పిన రేటుకే ఇవ్వాలి. కాగితంపై వడ్డీ అనే మాట ఉండదు. జతకు తగ్గించిన రూపాయల్లో ఉంటుంది. లెక్క వేస్తే బ్యాంకు వడ్డీ కన్నా అదే ఎక్కువ కావచ్చు. దీనికి జవాబు ఉపన్యాసాల్లో లేదు. ప్రతి మొహల్లాలో మసీదు కమిటీలు, బైతుల్‌మాల్ నిర్వాహకులు పది మంది స్త్రీలకు ఒక నెల ముడిసరుకు కొనుక్కునేంత వడ్డీలేని రుణం సమకూర్చగలిగితే ఆ అడ్వాన్సు ముడి వీడుతుంది. జకాత్ సొమ్మును కుట్టుమిషన్లు పంచే సభలకే పరిమితం చేయడం ఎందుకో కూడా పెద్దలు ఆలోచించాలి.

అమ్మకం నేర్వాలంటే ముందు లెక్క నేర్వాలి. ఒక సెట్టుకు లక్క, రాళ్లు, బొగ్గు కలిపి 60 రూపాయలైందనుకుందాం. తల్లీకూతుళ్లిద్దరూ మూడేసి గంటలు కూర్చున్నారనుకుందాం. దాన్ని 120 రూపాయలకు ఇస్తే 60 రూపాయలు లాభం వచ్చిందని ఇంట్లో సంబరపడతారు. అది లాభం కాదు, ఆరు పనిగంటలకు గంటకు పది రూపాయల కూలి. ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉంచి, తెచ్చిన సరుకు, పట్టిన సమయం, ఇచ్చిన జతలు, తిరిగొచ్చిన జతలు రాసుకుంటే తప్ప బేరం దగ్గర ఏ మాటకు నిలబడాలో తెలియదు. టెన్త్ చదువుతున్న కూతురు ఈ పని చేసిపెట్టగలదు. సొంత రాష్ట్రం లోపల, టర్నోవరు పరిమితికి లోబడి ఉంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్ముకునే వీలు 2023 అక్టోబరు నుంచి ఉంది. ఆ ఫోను, ఆ బ్యాంకు ఖాతా ఆమె పేరిట ఉన్నాయా అన్నది ఇంటి మగవారు తమను తాము అడుగుకోవలసిన ప్రశ్న. ఇంకొక మాట. మన గాజులపై రాళ్లు చాలావరకు గాజు రాళ్లే. కెంపు, పచ్చ అని చెప్పి అమ్మే కక్కుర్తి మనకొద్దు. గాజు రాయిని గాజు రాయి అని చెప్పి అమ్మినా కొనేవారున్నారు, వారు కొనేది పనితనాన్ని.

చేదుగా ఉన్నా చెప్పక తప్పని సంగతి ఒకటి మిగిలింది. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. వారిలో అత్యధికులు బిహార్ నుంచి తెచ్చినవారు. ఆనాడు మనలో కొందరు ఇది వృత్తిని బద్నాం చేసే ప్రయత్నమని అన్నారు. ఆ పసివాళ్లు కూడా పేద కుటుంబాల బిడ్డలేనని అన్నవారు తక్కువ. వివక్ష గురించి రాసే మా వంటి పత్రికలు మన కార్ఖానాలోని అన్యాయాన్ని చూడనట్టు నటిస్తే మా మాటకు విలువేముంటుంది? కుటుంబ వృత్తిలో సహాయం పేరిట 2016 సవరణ ఇచ్చిన మినహాయింపు బడి వేళల తర్వాత చేసే పనికే. బడి మాన్పించి కుంపటి ముందు కూర్చోబెట్టడానికి కాదు. పిల్లలు చవకగా దొరికినంత కాలం తల్లుల కూలి పెరగదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వచ్చే సంచికలో భౌగోళిక గుర్తింపు అధీకృత వినియోగదారు దరఖాస్తును ఎలా నింపాలో వరుసవారీగా ప్రచురిస్తాము. ఈలోగా గాజుల పని చేసే కుటుంబాలు ఆధార్ ప్రతి, చిరునామా రుజువు, పని చేస్తున్న ఫోటో ఒకటి, ఇచ్చిన సరుకుకు రసీదులుంటే అవి సిద్ధం చేసుకోవాలి. రసీదులు లేనివారు ఈ నెల నుంచే అడగడం మొదలుపెట్టాలి. ఇవ్వనంటే ఎవరు, ఎందుకు ఇవ్వలేదో మాకు రాయండి. దరఖాస్తును ఇంటి యజమాని పేరిట కాకుండా, రాయి పొదిగే ఆమె పేరిటే నింపాలని మా కోరిక.