జన్యు పరీక్షకు రక్తం వికారాబాద్‌లోనే తీయాలి

ధారూర్, తాండూరు పల్లెల్లో మూత్రం ఇబ్బందిని వయసు మీదకి, నడుం నొప్పిని పొలం పని మీదకి నెట్టేసే పెద్దవాళ్లు ఎందరో. అలాంటివాళ్లు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరేసరికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకి ఉండొచ్చు.

ఆ దశలోనూ దారి ఉంది. ఇలా క్యాన్సర్ పాకిన రోగుల్లో పదిమందిలో ఒకరికి పుట్టుకతోనే డీఎన్ఏ మరమ్మతు జన్యువుల్లో లోపం ఉంటుందని 2016లో ఒక విదేశీ అధ్యయనం తేల్చింది. బీఆర్‌సీఏ2 అందులో ముఖ్యమైనది. ఓలాపారిబ్ మాత్ర ఈ లోపమున్న కణితి కణానికి మిగిలిన మరమ్మతు దారినీ మూసేస్తుంది. హార్మోన్ చికిత్సకు లొంగని రోగులపై జరిపిన ప్రొఫౌండ్ అనే ఔషధ పరీక్షలో, బీఆర్‌సీఏ, ఏటీఎం జన్యువుల్లో లోపాలున్నవారికి ఈ మాత్రతో వ్యాధి ముదరకుండా ఆగిన కాలం 3.6 నెలల నుంచి 7.4 నెలలకు పెరిగింది. ఇది పూర్తిగా నయం కావడం కాదు. అయినా ఆ నెలలు ఆ ఇంటికి చాలా విలువైనవి.

తండ్రిలో ఈ లోపం తేలితే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం. అది వచ్చిన కూతుళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. వాళ్లను ముందే కాపాడుకోవచ్చు.

వికారాబాద్‌లో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఈ లోపాన్ని కనిపెట్టే జన్యు పరీక్షకు రక్తం అక్కడే తీసి హైదరాబాద్ పంపాలి. పరీక్ష, మాత్ర, కుటుంబానికి సలహా, మూడూ పేదలకు ఉచితంగా అందేలా ప్రభుత్వం ఉత్తర్వులివ్వాలి.