ఇలొకానో మాండలికమూ, మలయాళం భాషా?

ఫిలిప్పీన్స్ ఉత్తర లూజాన్ వాసుల ఇలొకానోను అక్కడి చదువుకున్నవారే ‘దియలెక్తో’ అంటారు, అనగా మాండలికమట! దేనికి మాండలికమని నా ప్రశ్న. తగలోగ్ మాత్రమే తెలిసినవారికి అది బొత్తిగా అర్థం కాదు. మలయాళాన్ని అలా అనే సాహసం నేడెవరైనా చేస్తారా?

వ్యాకరణమే చూడండి. మన ‘మనము-మేము’ భేదాన్ని మలయాళం ‘నమ్మళ్-ఞఙ్ఙళ్’గా నిలుపుకున్నది. ఇలొకానోలో ‘దతాయో-దకామి’ ఉన్నాయి. అదిగాక, కేవలం ‘నువ్వూ నేనూ’ అనడానికి ‘దతా’ అని వేరే మాట! కర్త ఎవరైనా మలయాళంలో ‘వన్ను’ అన్న క్రియ మారదు. ఇలొకానోలోనో, ‘మఙనాక్’ అంటే తింటాను, ‘మఙన్‌కా’ అంటే తింటావు. (ఇది చూసి ఇలొకానో మనకు చుట్టమని ఎవరూ సిద్ధాంతం లేవదీయకండి. అది ఆస్ట్రోనేసియన్ భాష.)

అచ్చు విషయంలోనా వెనుకబాటు? ఇలొకానోలో క్రైస్తవ మతబోధ గ్రంథం 1621లోనే వెలువడింది. పూర్తిగా మలయాళంలో అచ్చయిన తొలి పుస్తకం ‘సంక్షేపవేదార్థం’ 1772 నాటిది.

తేడా అంతా రాజ్యంలో ఉన్నది. మలయాళానికి 1956లో రాష్ట్రం, 2013లో ప్రాచీన హోదా దక్కాయి. ఇలొకానోకు 2012లో లా యూనియన్ అనే ప్రావిన్సు అధికార హోదా ఇచ్చింది. తొలి తరగతులలో మాతృభాషా బోధనకు 2013లో చట్టం చేసిన దేశమే 2024లో దానిని ఉపసంహరించి, ఏకభాషా తరగతులలో ఐచ్ఛికంగా మాత్రం మిగిల్చింది.

ఇక ఇలొకోస్ పిల్లవాడు ‘దతా’ అన్న మాటను ఏ పాఠ్యపుస్తకంలో చదవాలి? ముందది చెప్పి, తరువాత మాండలికం ఊసెత్తమనండి.